పడక్కుర్చీ సైకిలా, రోడ్ బైకా? మన ఆషాఢం గాలికి ఏది నిలబడుతుంది?

#1 గడియారస్తంభం · జూన్ 21, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఉండేది అనంతపురం, వయసు 47. నాలుగేండ్లుగా అల్యూమినియం రోడ్ బైకు తొక్కుతాండా. వారంలో రెండు పొద్దులు బుక్కరాయసముద్రం అవతల దాకా, ఆదివారమైతే గుత్తి పోయి వస్తా, రానుపోను నూరు కిలోమీటర్లు.

ఆరు నెలల నుంచి ఒకటే బాధ. 60 దాటితే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాండాయి. మెడ పట్టేస్తాది. మొన్న 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సవారీ) 140 దగ్గర దిగేస్తి. టైము ఉండాది, కాళ్ళల్లో సత్తువ ఉండాది, బ్రేకు నొక్కడానికి వేళ్ళు లేవు. లారీ ఎక్కించుకొని ఇంటికి వచ్చినా. ఆ డ్రైవరు అడిగిన మాట ఇంకా చెవిలో ఉండాది: "సైకిల్ బాగుండాది కదా సార్, మరి ఎందుకు దిగితిరి?"

రికంబెంట్ గురించి చదువుతాండా. వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కేది. చేతుల మీద బరువే పడదంట. మన రోడ్లకు, మన గాలికి, మన ఎండకు అది పనికొస్తాదా? తొక్కినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. మా ఇంట్లో బొమ్మ చూపిస్తే "పడక్కుర్చీకి చక్రాలు తగిలించినారా" అన్నారు.

#2 తాడిపత్రి_కుర్రోడు · జూన్ 21, రాత్రి 9:20

పడక్కుర్చీ సైకిల్ 😂 అన్నా, పేరు ఖాయం చేసేద్దాం.

#3 గువ్వలచెరువు_ఘాట్ · జూన్ 21, రాత్రి 10:02

కడప నుంచి. సామీ, మనసులో మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. సైకిల్ అంటే ఎక్కే కాడ లేచి నిలబడి తొక్కేది. నేను నెలకు నాలుగు సార్లు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతా. పైన పాలకోవా తిని దిగుతా. ఆ మలుపుల్లో లారీలు మొదటి గేరులో మూలుగుతా ఉంటాయి. అట్లాంటి కాడ కాళ్ళు నొప్పి పుడితే సీటు మీంచి లేచి నా బరువంతా పెడల్ మీద ఏస్తా. పడుకున్నోడు ఏం లేస్తాడు? వీపు సీటుకు ఆనించి తొక్కడమే. బరువు జూస్తే నా బైకు 8 కిలోలు, అది 13 ఉంటాది. ఇంక ఆపి మళ్ళీ ఎక్కాలంటే దేవుడే దిక్కు.

తిమ్మిరికి సైకిల్ మార్చేది కాదు, సైజు సరి చూసుకోండి.

#4 నంద్యాల_ఫిజియో · జూన్ 22, ఉదయం 6:40

గువ్వలచెరువు గారి చివరి మాటతో నేనూ ఏకీభవిస్తాను, కాకపోతే కారణం వేరు.

సార్, మీరు చెప్పిన రెండు వేళ్ళూ ఉల్నార్ నరం పరిధిలోవి. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర ఆ నరం సన్నటి సందులోంచి పోతుంది. హ్యాండిల్ మీద గంటలకొద్దీ బరువు పడితే అక్కడ నొక్కుకుంటుంది. సైకిల్ తొక్కేవాళ్ళలో బాగా తెలిసిన ఇబ్బందే. తిమ్మిరి దిగాక కూడా చిల్లర డబ్బులు పట్టుకోవడం, తాళంచెవి తిప్పడం కష్టమవుతుంటే మాత్రం ఫోరంలో అడగొద్దు, నేరుగా డాక్టరుకు చూపించండి.

ముందు చవకైన పనులు చేయండి. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) కింద స్పేసర్లు, అంటే రింగులు, వేసి హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు లేపండి. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి, వంగి ఉంటే ఒళ్ళంతా ముందుకు జారి చేతుల మీద పడుతుంది. 23 మిల్లీమీటర్ల సన్న టైర్లయితే ఫ్రేములో పట్టినంత వెడల్పువి వేసి, గాలి తగ్గించండి. బార్ టేపు రెండు చుట్లు చుట్టండి. ఇవన్నీ కలిపినా ఒక నెల పెట్రోలు ఖర్చు కాదు.

రికంబెంట్‌లో చేతుల బాధ, మెడ బాధ దాదాపు ఉండవు, నిజమే. కొత్త బాధలు ఉంటాయి. కాళ్ళు గుండె ఎత్తుకో అంతకంటే పైకో ఉంటాయి కాబట్టి కొందరికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. వీపుకు ఆనుకునే సీటు ఉంది కదా అని పెద్ద గేరులో తన్నితే మోకాళ్ళు పోతాయి. నిలువు సైకిల్ మీద పెడల్ మీద పెట్టే బలం మీ ఒంటి బరువు దగ్గర ఆగిపోతుంది, ఇక్కడ సీటును తన్ని అంతకంటే ఎక్కువ పెట్టొచ్చు. అందుకే చిన్న గేరు, నిమిషానికి 80–90 తిప్పులు.

#5 ఎదురుగాలి_అనంత · జూన్ 22, ఉదయం 7:55

ఇన్నాళ్ళకు నా వంతు వచ్చె. మూడేండ్లుగా అనంతపురంలో రికంబెంట్ తొక్కుతాండా. బెంగళూరు ఆయన ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటి. ముందు 20 అంగుళాలు, వెనక 26 అంగుళాల చక్రం. హ్యాండిల్ ఛాతీకి ఎదురుగా ఉంటాది, పెడళ్ళు ముందు చక్రానికి ఇంకా ముందర. దీన్ని షార్ట్ వీల్‌బేస్ అంటారు. దానికి ముందు పదిహేనేండ్లు రోడ్ బైకే. అది అమ్మలేదు, ఇప్పటికీ వాడతా. ఎందుకో చివర్లో చెప్తా.

మొదటి రోజు సంగతి: కాలేజీ గ్రౌండులో నాలుగు సార్లు పడితి. రోడ్ బైకు మీద మనకు తెలీకుండానే నడుముతో, భుజాలతో బ్యాలెన్స్ చేస్తాం. ఇక్కడ ఒళ్ళు సీటుకు అతుక్కొని ఉంటాది, అంతా హ్యాండిలే చూసుకోవాలా. మనం భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాం, అది పాములాగా పోతాది. చేతులు వదులు చేసిన రోజే బ్యాలెన్స్ వచ్చేసింది. నాకు పది పన్నెండు రోజులు పట్టె. ఎక్కే పద్ధతి చెప్తా: రెండు బ్రేకులూ పట్టుకో, ఒక పెడల్ పైకి తెచ్చి కాలు పెట్టు, తల వెనక్కి ఆనించు, బ్రేకు వదిలి ఒక్క తన్ను తన్ను. రెండో కాలు దానంతట అదే వస్తాది. తల లేపితే పడతావు.

ఇప్పుడు గాలి. మీ అందరికీ తెలుసు, ఆషాఢం వస్తే పడమటి గాలి ఎట్లుంటాదో. ఊరకేనా ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప దిక్కు గాలిమరలు పెట్టిరి? బళ్ళారి రోడ్డులో కూడేరు దాటితే ముఖం మీద చెయ్యి పెట్టి తోసినట్లుంటాది. రోడ్ బైకు మీద అదే గుండె వేగానికి గంటకు 17 పోతాంటి. రికంబెంట్ మీద 21. నాలుగు కిలోమీటర్లేనా అనొద్దు. 50 కిలోమీటర్ల దారిలో అరగంటకు కొంచెం ఎక్కువే మిగిలింది, ఉరవకొండ చేరేసరికి మనిషి మనిషిలాగా ఉంటి. ముందు అట్ల కాదు, చెట్టు కింద పడిపోయేటోన్ని.

వెనక్కి వచ్చేటప్పుడు? గాలి వీపు మీద. అప్పుడు రోడ్ బైకువాడు తెరచాపలాగా నిలబడి దూసుకుపోతాడు. నాకు ఆ లాభం తక్కువ.

చెడ్డ సంగతులు కూడా వినండి. ఒకటి, గుంతలు. రోడ్ బైకు మీద గుంత కనపడితే పిర్ర లేపుతాం, మోకాళ్ళే స్ప్రింగులు. ఇక్కడ లేవలేవు. చూసుకోకుండా దిగితే నడుము వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు. చిన్న ముందు చక్రం గుంతలో రొంత ఎక్కువే దిగుతాది. రెండు, ఎండ. ఆకాశం చూస్తా పడుకుంటావు, చైత్రం వైశాఖంలో 42 డిగ్రీల ఎండ నేరుగా మొగం మీద. టోపీ అంచు లేకుంటే పనికాదు. సీటు స్పాంజిదయితే వీపు ఇడ్లీ గుడ్డ. జాలీ సీటు తీసుకోండి. మూడు, వెనక్కి తిరిగి చూడలేవు, అద్దం లేకుండా రోడ్డెక్కొద్దు.

రోడ్ బైకు ఎందుకు అమ్మలేదు అంటే: ఊర్లో కూరగాయలకు, క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో పదడుగులకోసారి ఆగి ఎక్కేదానికి, మిత్రులతో గుంపుగా పోయేదానికి అదే మేలు. గుంపులో రికంబెంట్ పనికిరాదప్పా. ఎక్కుడులో నేను వెనక, దిగుడులో నేను అర కిలోమీటరు ముందు. నా వెనక నక్కి రావాలన్నా ఎవరికీ గాలి చాటు దొరకదు, తిట్టుకుంటారు.

#6 తాడిపత్రి_కుర్రోడు · జూన్ 22, ఉదయం 8:10

"వీపు ఇడ్లీ గుడ్డ" 🙏🙏 కుక్కల సంగతి చెప్పలేదే అన్నా?

#7 ఎదురుగాలి_అనంత · జూన్ 22, ఉదయం 8:31

కుక్కలా! నాది రొంత ఎత్తు బండి కాబట్టి నా మొగం కారులో కూర్చున్నోని మొగం అంత ఎత్తులో ఉంటాది. అయినా మొదటి నెల భయమే. విచిత్రం ఏమంటే మన పల్లె కుక్కలకు ఇది సైకిలో, మంచమో తెల్వదు. సగం కుక్కలు చెవులు నిక్కబొడుచుకొని చూస్తా నిలబడిపోతాయి. మిగతా సగానికి నీళ్ళ బాటిల్.

కుక్కల కంటే అవ్వలతోనే కష్టం. కూడేరు దగ్గర టీకి ఆగితే ఒక అవ్వ దగ్గరికి వచ్చి "కాళ్ళకేమాయ నాయనా, ఇంత చిన్న వయసులో" అని కండ్లనీళ్ళు పెట్టుకొనె. వికలాంగుల చేతి రిక్షా అనుకున్నట్లుంది. కాదవ్వా, బాగానే ఉండానని లేచి నడిచి చూపిస్తే "దేవుడు సల్లగా చూడనీ" అని అరటిపండు ఇచ్చె. తిన్నా. ఏం చేద్దాం.

#8 లెక్కల_మాస్టరు · జూన్ 22, సాయంత్రం 6:05

17కీ 21కీ తేడా నిజమేనా అని లెక్క వేశాను. చదునైన రోడ్డు మీద గంటకు 30 దాటితే మన శక్తిలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి ఆపే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి కావాల్సిన శక్తి ఘనంతో. ఇక్కడ "వేగం" అంటే గాలితో పోల్చిన వేగం, అందుకే ఎదురుగాలి అంత దెబ్బ తీస్తుంది.

అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తు. 35 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు వేసుకున్నాను. గాలికి తగిలే వైశాల్యం రోడ్ బైకు మీద బ్రేకు హుడ్లు (హ్యాండిల్ పైన బ్రేకు లీవర్ల బుడిపెలు) పట్టుకుంటే 0.35 చదరపు మీటర్లు, ఎదురుగాలి గారి లాంటి బండికి 0.23. ఇవి నా అంచనా అంకెలు, మనిషిని బట్టి, సీటు వాలును బట్టి మారతాయి.

గాలి గంటకు 20 కిలోమీటర్లు ఎదురొస్తోంది, మనమూ 20తో పోతున్నాం అనుకోండి. గాలి ఒక్కదానికే రోడ్ బైకుకు 132 వాట్లు, రికంబెంట్‌కు 87. తేడా 45 వాట్లు. నలభై ఏడేళ్ళ మనిషికి రోజంతా 45 వాట్లంటే చిన్న సంగతి కాదు. టైర్ల రాపిడి కూడా కలిపి 120 వాట్లతో ఎవరెంత పోతారో చూస్తే 17, 20.5 వచ్చాయి. ఎదురుగాలి గారు అర కిలోమీటరు ఎక్కువ చెప్పారు, పోనీండి.

ఇక ఘాట్. 5 శాతం ఎక్కుడు, గంటకు 10 కిలోమీటర్ల వేగం. మనిషి, బండి కలిపి 85 కిలోలైతే ఎత్తు ఎక్కడానికే 116 వాట్లు. బండి 5 కిలోలు ఎక్కువైతే ఇంకో 7. అంటే గువ్వలచెరువు గారు చెప్పిన బరువు భూతం అంత పెద్దది కాదు.

#9 గువ్వలచెరువు_ఘాట్ · జూన్ 22, రాత్రి 9:30

మాస్టారూ, మీ లెక్కకు దండం. ఒక్క చిక్కు. హుడ్లు పట్టుకుని నిటారుగా కూర్చున్నోన్ని పోల్చితిరి. నేను గాలొస్తే డ్రాప్స్, అంటే హ్యాండిల్ కింది వంపులు, పట్టుకొని వంగుతా. అప్పుడు ఎంత?

ఘాట్‌లో 7 వాట్లే అంటిరి. ఆ 7 వాట్లు నాకు కనపడవు, నిజమే. లేచి తొక్కలేకపోవడం కనపడతాది. ఐదారు కిలోమీటర్లు ఒకే కండరాలతో తొక్కి చూడండి. నేను రెండు నిమిషాలకోసారి లేస్తా, తొడలకు విశ్రాంతి. మీ లెక్కలో విశ్రాంతికి వాట్లు ఉండాయా?

#10 లెక్కల_మాస్టరు · జూన్ 22, రాత్రి 9:52

డ్రాప్స్‌లో 0.30 అనుకుంటే 113 వాట్లు. తేడా 26కి దిగుతుంది. ఎదుటివాడి మాట న్యాయమైతే ఒప్పుకోవాలి. కాకపోతే ఈ తంతు మొదలుపెట్టిన గడియారస్తంభం గారికి మెడ పట్టేసి డ్రాప్స్‌లోకి వంగడమే కుదరట్లేదు కదా. ఆయనకు 0.30 లేదు, 0.35ఏ.

విశ్రాంతికి వాట్లు లేవు. ఓడిపోయాను.

#11 కొండారెడ్డి_బురుజు · జూన్ 23, ఉదయం 5:48

కర్నూలు. ఈ సైకిల్ చరిత్ర రొంత చెప్తా, రేసుల్లో ఎందుకు కనపడదో తెలుస్తాది. ఫ్రాన్సులో షార్ల్ మోషే అని ఒకాయన పిల్లోని కోసం నాలుగు చక్రాల తొక్కుడు బండి చేసినాడు. దాన్నే సగానికి కోసినట్లు రెండు చక్రాల వెలోకార్ చేసినాడు. 1933 జూలై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అనే మామూలు స్థాయి రేసరు దాని మీద గంటలో 45.055 కిలోమీటర్లు పోయి, 1914 నుంచి ఎవరూ కదిలించలేని ఆస్కార్ ఎగ్ 44.247 రికార్డు కొట్టేసినాడు. ఏమయ్యింది? 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిల్ అంటే ఇట్లనే ఉండాలని కొలతలు రాసి, దీన్ని బయటికి నెట్టింది. అప్పట్నుంచి రేసుల్లో లేదు, కంపెనీలు చేయలేదు, మన షాపుల దాకా రాలేదు.

పూర్తిగా పెంకు కప్పిన రికంబెంట్ మీద 2016లో కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్ అమెరికాలో నెవాడా రోడ్డు మీద 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఇంజను లేదు, కాళ్ళే.

#12 తాడిపత్రి_కుర్రోడు · జూన్ 23, ఉదయం 7:15

మా బుల్లెట్ 144 పోదు అన్నా 😐

#13 గువ్వలచెరువు_ఘాట్ · జూన్ 23, ఉదయం 7:40

పెంకు కప్పుకొని గువ్వలచెరువు రమ్మనండి ఆయన్ని. మే నెలలో. లోపల ఉడికిపోతాడు.

#14 వెల్డింగ్_పొగ · జూన్ 23, రాత్రి 10:20

నేను కర్నూల్లో వెల్డింగ్ షాపు నడుపుతా. రెండేండ్ల కింద ఒక పడక సైకిల్ సొంతంగా చేసినా. కొనాలంటే బయట దేశం నుంచి తెప్పించాలా, అది లక్షల మాట. రెండు పాత ఫ్రేములు కోసినా, నడిమి దూలానికి చదరపు పైపు. ముందర పెడళ్ళు ఉండే బూమ్ లోపలికి బయటికి జరిగేటట్లు పైపులో పైపు పెట్టినా, ఎత్తును బట్టి సరిచేసుకోవచ్చు. మొదటిసారి దూలం సన్నంగా వేస్తే తొక్కినప్పుడల్లా ఊగె. తొక్కిన బలంలో సగం దూలమే తినె. కోసి మళ్ళీ లావుది వేసినా.

కొనేటోళ్ళకు, చేసేటోళ్ళకు ఒక మాట. 20 అంగుళాల చక్రం అంటే ఒకటి కాదు. పిల్లల సైకిల్‌కు వచ్చే 20 × 1.75 రిమ్ము కొలత 406. సన్న టైరు 20 × 1 3/8 రిమ్ము 451. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 406 పెట్టుకుంటే ఆళ్ళగడ్డలో అయినా, ఎమ్మిగనూరులో అయినా ఏ సైకిల్ షాపులోనన్నా ట్యూబు దొరుకుతాది. 451 అయితే ఇంటికి నడుచుకుంటా రావాలా.

గొలుసు పెద్ద సంగతి. మామూలు సైకిల్‌కు ఒక గొలుసు చాలు, దీనికి రెండున్నర పడతాది. సీటు కింద మలిపేదానికి ఒక పుల్లీ కావాలా. కంపచెట్ల ముళ్ళు, పల్లేరుకాయలు మాత్రం రెండు సైకిళ్ళకూ సమానమే, అవి ఎవరినీ వదలవు.

నా బండి 17 కిలోలు ఉంది. ఓర్వకల్లు రాళ్ళ దాకా పోయి వచ్చినా. ఎక్కుడులో చెమట, చదునులో రాజయోగం. ఇప్పుడు నాకు తొక్కే తీరిక లేదు, మూలన ఉండాది.

#15 నంద్యాల_ఫిజియో · జూన్ 24, ఉదయం 6:15

వెల్డింగ్ అన్నా, సీటు వాలు ఎంత పెట్టారు? మరీ పడుకోబెట్టేస్తే మెడకు ఆధారం లేక, తల ముందుకు లేపి చూడాల్సి వస్తుంది. అప్పుడు పోయిన మెడనొప్పి వేరే దారిలో తిరిగి వస్తుంది. తల ఆనించే దిండు ఉండాలి.

#16 వెల్డింగ్_పొగ · జూన్ 24, ఉదయం 9:00

కొలవలేదక్కా. మా మామ వరండాలో పడక్కుర్చీ ఉంటే దాని మీద కాగితం పెట్టి గీసుకున్నా. దిండు లేదు, పెడతా.

#17 గడియారస్తంభం · ఆగస్టు 30, రాత్రి 8:45

ఆలస్యానికి మన్నించండి. జరిగింది చెప్తా.

ముందు ఫిజియో మేడం చెప్పినవి చేస్తి. స్పేసర్లు 25 మిల్లీమీటర్లు లేపితి, సీటు నిజంగానే ముక్కు కిందికి ఉండె, సరిచేస్తి, 28 టైర్లు వేస్తి. 60 దగ్గర వచ్చే తిమ్మిరి ఇప్పుడు 95 దగ్గర వస్తాంది. పూర్తిగా పోలేదు గానీ ఆదివారం గుత్తి హాయిగా పోయి వస్తాండా. మెడ మాత్రం అట్లనే ఉండాది.

తర్వాత ఎదురుగాలి అన్న బండి మూడు ఆదివారాలు తొక్కితి. మొదటి వారం గ్రౌండులో రెండు సార్లు పడితి, మోచెయ్యి చీరుకుపోయె. మూడో వారం కూడేరు దాకా పోతిమి, ఆయన నా రోడ్ బైకు మీద, నేను ఆయన రికంబెంట్ మీద. ఎదురుగాలిలో ఆయన వెనకపడి "రొంత నిదానం" అని అరిచె. పదిహేనేండ్లు రోడ్ బైకు తొక్కిన మనిషి! ఆ ఒక్క అరుపుకు నా మనసు నిర్ణయం అయిపోయె. దారి పొడుగునా కొండలు, చేన్లు, ఆకాశం చూస్తా పోయినా. ఇన్నేండ్లు ఆ రోడ్డులో నేను చూసింది ముందు టైరు మాత్రమే.

కానీ గువ్వలచెరువు అన్న మాట కూడా నిజం. చిన్న మిట్ట కాడ లారీ వచ్చిందని ఆగినా, మళ్ళీ ఎక్కలేకపోతి. మూడు సార్లు ప్రయత్నం చేసి, మిట్ట పైదాకా తోసుకుంటా పోతి.

కాబట్టి రోడ్ బైకు అమ్మడం లేదు. వెల్డింగ్ అన్న మూలన పెట్టిన బండి అడిగినా. బేరం కుదిరె. వచ్చే వారం కర్నూలు పోయి తెచ్చుకుంటా. డిసెంబరులో 200 బ్రెవే దాని మీదే, పదమూడున్నర గంటలు చాలు నాకు. బ్రెవేలో రికంబెంట్‌కు అభ్యంతరం లేదని అడిగి తెలుసుకున్నా.

#18 గువ్వలచెరువు_ఘాట్ · ఆగస్టు 30, రాత్రి 9:10

శుభం సామీ. బ్రెవే దారిలో ఘాట్ లేకుండా చూసుకో. ఉంటే చెప్పు, పైన పాలకోవా పట్టుకొని నిలబడతా, తోసుకుంటా రా.

#19 వెల్డింగ్_పొగ · ఆగస్టు 31, ఉదయం 7:30

దిండు కుట్టించినా సార్. వచ్చేటప్పుడు వెనక బ్రేకుకు కేబులు తెచ్చుకోండి, మామూలు కేబులు పొడుగు చాలదు, టాండెం (ఇద్దరు తొక్కే సైకిల్) కేబులు అడగండి.

#20 తాడిపత్రి_కుర్రోడు · సెప్టెంబరు 14, రాత్రి 10:55

అన్నా, బండి వచ్చిందంట కదా. రేపు పొద్దున 5:30కి తపోవనం దగ్గర ఉంటా, ఒక్క రౌండు ఇస్తారా? నా ఎత్తు 5 అడుగుల 4.

#21 గడియారస్తంభం · సెప్టెంబరు 14, రాత్రి 11:02

రా అబ్బీ. నాకంటే పొట్టి కాబట్టి బూమ్ రెండు అంగుళాలు లోపలికి జరపాలా. గొలుసు నాలుగు అంగుళాలు వదులవుతాది, ముందరి చిన్న పళ్ళచక్రంలో వేయకపోతే చాలు, ఆ వదులును వెనక గేరు మార్చే డిరైలరే లాక్కుంటాది. 5 నంబరు అలెన్ కీ తీసుకొని రా, నాది కూడేరు రోడ్డులో యాడో పడిపోయింది. ఫుల్ చేతుల చొక్కా వేసుకో.